బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం: మన స్త్రీలకు తెలిసినదెంత?

మా మద్రసాలో వారానికొకసారి అస్ర్ నమాజు తర్వాత స్త్రీల కోసం ధర్మబోధ జరుగుతుంది. పరదాకు అవతల కూర్చున్న సోదరీమణులు తమ సందేహాలను చీటీలపై రాసి పంపుతారు. కొంతకాలం క్రితం అలా వచ్చిన ఒక చీటీని నేను ఇప్పటికీ దాచుకున్నాను. దానిపై పేరు లేదు. తెలుగులో, వణుకుతున్న అక్షరాలతో ఇలా రాసి ఉంది: "హజ్రత్! పదకొండేళ్ల క్రితం నాలుగో కాన్పు అయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాను. అలా చేయించుకున్న స్త్రీకి జనాజా నమాజు ఉండదని మా అత్తగారు అంటారు. ఇది నిజమేనా? నేను చేసే నమాజులు ఖబూల్ అవుతున్నాయా?"

జవాబు కష్టమైనది కాదు. ఆ మాట పూర్తిగా నిరాధారం. కలిమా చదివిన విశ్వాసికి జనాజా నమాజు చేయడం తోటి ముస్లిములపై ఉన్న బాధ్యత. ఒకవేళ ఒకరి వల్ల పొరపాటు జరిగినా, పాపమే జరిగినా, ఆ కారణంగా జనాజా నమాజు రద్దయిపోదు. తౌబా ద్వారం తెరిచే ఉంటుంది. నమాజులు స్వీకరించేవాడు అల్లాహ్. ఆయన కారుణ్యానికి హద్దులు గీసే అధికారం మనలో ఎవరికీ లేదు. ఆ సాయంత్రమే ఈ మాట పరదా అవతలికి వినిపించేలా చెప్పాను.

అయితే ఇంటికి వచ్చాక నన్ను కలచివేసింది ఆ ప్రశ్న కాదు, ఆ పదకొండేళ్లు. ఒక స్త్రీ పదకొండేళ్లపాటు రోజుకు ఐదు పూటలా తన ప్రార్థన స్వీకరించబడుతుందో లేదో అన్న భయంతో సజ్దా చేసింది. ఆ తర్వాత నా ఇల్లాలు ఆమెతో మాట్లాడితే మరో విషయం తెలిసింది. ఆమెకు ఆరేళ్లలో నాలుగు కాన్పులు జరిగాయి. ఏ రెండు కాన్పుల నడుమా, కొంతకాలం ఆగడానికి మార్గాలున్నాయని గానీ, వాటికి ధర్మంలో అవకాశం ఉందని గానీ ఆమెకు చెప్పినవారు లేరు. చివరికి శరీరం ఇక మోయలేనన్నప్పుడు ఆమె ముందున్నది ఒకే దారి: శాశ్వత ఆపరేషన్. ధర్మశాస్త్రం అన్ని పద్ధతుల్లోకీ దేని విషయంలో అత్యంత కఠినంగా ఉన్నదో, సరిగ్గా దాని దగ్గరికే మన మౌనం ఆమెను నడిపించింది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

పేరు వినడం వేరు, తెలియడం వేరు

గర్భనిరోధక సాధనాల పేర్లు నేడు వినని స్త్రీ దాదాపు లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు కూడా ఇదే చెబుతున్నాయి. కానీ పేరు వినడం జ్ఞానం కాదు. అది ఎలా పని చేస్తుంది, ఎవరికి తగును, ఎవరికి తగదు, మానేస్తే తిరిగి గర్భం నిలుస్తుందా, నమాజు, రోజాల సంగతి ఏమిటి అన్నవి తెలిసినప్పుడే అది జ్ఞానం.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. తెలంగాణలో ఈ సంఖ్య 60 శాతానికి పైగా ఉంది. దేశం మొత్తం మీద ఇది సుమారు 38 శాతం మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రలు, కాపర్-టి, నిరోధ్ వంటి తాత్కాలిక పద్ధతులన్నింటినీ కలిపినా ఒకటి రెండు శాతానికి మించవు. పురుషుల ఆపరేషన్లు అర శాతం కూడా లేవు. ఈ లెక్కలు అన్ని వర్గాలకూ చెందినవి. కానీ మన ఇళ్లూ ఈ గాలిలోనే ఉన్నాయి. త్వరత్వరగా కాన్పులు, ఆపై పాతికేళ్లు దాటీ దాటకముందే ఆపరేషన్: ఇది మన మొహల్లాలకు కొత్త కథ కాదు.

ఇక్కడ లోపించినది సంతానాన్ని ఆపాలన్న కోరిక కాదు. ఎడం పాటించే విద్య. ఆగడానికీ ఆపివేయడానికీ మధ్య ఉన్న తేడా మన ఆడపిల్లలకు ఎవరూ నేర్పలేదు. ఒకప్పుడు కొత్త పెళ్లికూతురికి మౌలానా అష్రఫ్ అలీ థానవీ గారి 'బహిష్తీ జేవర్'ను కానుకగా ఇచ్చేవారు. స్త్రీల శుద్ధి, నెలసరి, పురిటి నియమాలు అందులో వివరంగా ఉంటాయి. నేడు మన ఆడపిల్లల్లో చాలామంది ఉర్దూ చదవలేరు; తెలుగు చదువుతారు. పాత గ్రంథం బీరువాలో మిగిలిపోయింది, కొత్త పుస్తకం చేతికి రాలేదు. ఆ ఖాళీని వాడకట్టు పుకార్లు నింపాయి.

ధర్మం చూపిన కొలత

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 233వ వాక్యం పాలిచ్చే కాలాన్ని నిండు రెండేళ్లుగా పేర్కొంటుంది. అంతకుముందే పాలు మాన్పించదలిస్తే తల్లిదండ్రులిద్దరి పరస్పర అంగీకారం, సంప్రదింపు ఉండాలని నిర్దేశిస్తుంది. పాలు మాన్పించడమనే ఒక్క విషయంలోనే భార్యను సంప్రదించమన్న ధర్మం, ఆమె ఎప్పుడు మళ్లీ గర్భం దాల్చాలన్న విషయంలో ఆమె మాటను లెక్కచేయనక్కర్లేదంటుందా? ఆలోచించండి. లుఖ్మాన్ సూరా 14వ వాక్యం తల్లి బలహీనతపై బలహీనతను భరించి బిడ్డను మోస్తుందని గుర్తు చేస్తుంది. అల్ అహ్‌ఖాఫ్ సూరా 15వ వాక్యం మోయడానికీ పాలు మాన్పించడానికీ కలిపి ముప్ఫై నెలలని చెబుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సైతం, బిడ్డ పుట్టిన తర్వాత మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం 24 నెలలు ఆగమని సలహా ఇస్తున్నారు. వెంటవెంటనే గర్భం దాలిస్తే తల్లికి రక్తహీనత, బిడ్డ నెలలు నిండకుండానే, తక్కువ బరువుతో పుట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. ఖుర్ఆన్ వైద్య గ్రంథం కాదు. అయినా తల్లిపాలకు అది పెట్టిన గడువులో తల్లి శరీరానికి ఎంతటి విశ్రాంతి ఉందో గమనించదగినది.

దైవప్రవక్త (సఅసం) కాలంలో 'అజ్ల్' అనే పద్ధతి ఉండేది. వీర్యం గర్భాన్ని చేరకుండా భర్త ముందుగానే వైదొలగడాన్ని అలా అంటారు. ఖుర్ఆన్ అవతరిస్తున్న రోజుల్లో తాము ఆ పద్ధతిని పాటించేవారమని, ఆ సంగతి దైవప్రవక్త (సఅసం)కు తెలిసినా వారించలేదని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపిన విషయం బుఖారీ, ముస్లిం సంకలనాల ద్వారా మనకు తెలుస్తోంది. హజ్రత్ జుదామా (రజి) ఉల్లేఖనంలో దీని పట్ల అయిష్టత కనిపిస్తుంది. ధర్మవేత్తలలో అత్యధికులు ఈ రెంటినీ సమన్వయపరచి, అది నిషిద్ధం కాదనీ, కారణం లేకుండా చేయడం ఉత్తమం కాదనీ నిర్ణయించారు.

హనఫీ ఫుఖహా దీనికి పెట్టిన షరతు ముఖ్యమైనది: భార్య అనుమతి. హజ్రత్ ఉమర్ (రజి) ద్వారా వచ్చిన ఇదే అర్థం గల ఉల్లేఖనం పరంపరపై ముహద్దిసులు చర్చించారు గానీ, భార్య హక్కు అన్న సూత్రాన్ని ఫుఖహా స్వీకరించారు. ఇమామ్ గజాలీ (రహ్మ) తన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో అజ్ల్‌కు అంగీకరించదగిన ఉద్దేశాలను వివరిస్తూ, ప్రసవ ప్రమాదం నుంచి స్త్రీ ప్రాణాన్ని కాపాడటాన్నీ అందులో చేర్చారు. తొమ్మిది వందల ఏళ్ల క్రితమే మన ఇమాములు నోరు విప్పి చర్చించిన విషయం గురించి మనం నేడు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాము!

మన కాలానికి వస్తే, 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ మూడు విషయాలు స్పష్టం చేసింది. దంపతుల సంతాన స్వేచ్ఛను పరిమితం చేసే సార్వత్రిక చట్టం చేయరాదు. ధర్మం గుర్తించిన అవసరం లేనిదే స్త్రీలోనైనా పురుషునిలోనైనా సంతాన శక్తిని శాశ్వతంగా తొలగించరాదు. ధర్మబద్ధమైన అవసరం ఉన్నప్పుడు, దంపతులు పరస్పర సంప్రదింపుతో, సమ్మతితో, హాని లేని ధర్మసమ్మత మార్గంలో, కాన్పుల మధ్య ఎడం కోసం లేదా కొంతకాలం ఆగడం కోసం తాత్కాలిక పద్ధతిని అనుసరించవచ్చు. అయితే నిలిచిన గర్భానికి హాని కలిగించరాదు.

మళ్లీ గర్భం దాలిస్తే ప్రాణానికే ముప్పని నమ్మకమైన వైద్యులు తేల్చి చెప్పినప్పుడు శాశ్వత ఆపరేషన్ విషయం వేరు; అది అగత్యం కిందికి వస్తుంది. గర్భస్రావం కూడా పూర్తిగా వేరైన అంశం. నిలిచిన గర్భాన్ని తొలగించడాన్ని, నిలవకుండా ముందే జాగ్రత్త పడటాన్ని ఒకే గాటన కట్టరాదు.

భయాలు: కొన్ని నిజమైనవి, కొన్ని అల్లినవి

కుటుంబ నియంత్రణ అనగానే మన పెద్దల ముఖాలు ముడుచుకుంటాయి. అది వట్టి మొండితనం కాదు. అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1976-77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. 1976 నవంబరులో హర్యానాలోని ఉటావర్ అనే మేవాతీ ముస్లిం గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టి, పురుషులను పట్టుకుపోయి వారిలో అనేకులకు బలవంతంగా ఆపరేషన్లు చేయించారు. ఆ గాయం నుంచి పుట్టిన అనుమానాన్ని ఎగతాళి చేయరాదు. బలవంతం ఏ రూపంలో వచ్చినా ధర్మం దానికి వ్యతిరేకమే. కానీ ప్రభుత్వం చేసిన బలవంతానికి మనం ఎదురు చెప్పి, ఇంట్లో కోడలిపై అదే బలవంతాన్ని మరో విధంగా చేయడం న్యాయమా? వద్దన్నవారికి ఆపరేషన్ చేయడం దౌర్జన్యమైతే, మోయలేనన్న స్త్రీ చేత మళ్లీ మళ్లీ మోయించడాన్ని ఏమనాలి?

ముస్లింల సంఖ్య పెరిగిపోతోందని ప్రచారం చేసేవారికి సర్వే లెక్కలే సమాధానం చెబుతున్నాయి. దేశంలో ముస్లిం స్త్రీకి సగటు సంతానం 1992-93లో 4.4 ఉండగా, 2019-21 నాటికి సుమారు 2.4కు వచ్చింది. మన కుటుంబాల్లో నిర్ణయాలు ఇప్పటికే మారుతున్నాయి. అయితే ఆ మార్పు జ్ఞానంతో జరుగుతోందా, చీకట్లో తడుముకుంటూ జరుగుతోందా అన్నదే మన ముందున్న ప్రశ్న.

"సంతానం ఎక్కువగా ఉండే స్త్రీని వివాహమాడమని దైవప్రవక్త (సఅసం) ప్రోత్సహించారు కదా" అని కొందరు అంటారు. నిజమే. సంతానం అల్లాహ్ వరం. ముస్లిం ఇంట్లో బిడ్డ రాక ఎప్పుడూ భారం కాకూడదు. దారిద్ర్య భయంతో సంతానాన్ని చంపవద్దని బనీ ఇస్రాయీల్ సూరా 31వ వాక్యం హెచ్చరిస్తుంది. జీవనోపాధి ఇచ్చేవాడు అల్లాహ్ అన్న నమ్మకాన్ని బలహీనపరిచే ఉద్దేశంతో సంతానాన్ని ఆపడం విశ్వాసికి తగదు. కానీ ఎడం పాటించడం ఆ వరాన్ని తిరస్కరించడం కాదు. రైతు నేలకు విరామం ఇస్తే సేద్యం మానేశాడని ఎవరూ అనరు. ఏ పద్ధతి పాటించినా అల్లాహ్ రాసిపెట్టిన ప్రాణం వచ్చి తీరుతుందన్నది హదీసుల బోధ. మందు వేసుకుంటే స్వస్థత అల్లాహ్ చేతిలోనే ఉన్నట్లు, జాగ్రత్త పడితే ఫలితమూ ఆయన చేతిలోనే ఉంటుంది.

ఇక అల్లిన భయాలు. కాపర్-టి గుండెలోకి ఎక్కిపోతుందంటారు. దానిని అమర్చేది గర్భాశయంలో, అక్కడి నుంచి గుండెకు దారి లేదు. అరుదుగా అది జారిపోవచ్చు గనుక వైద్యులు చెప్పిన ప్రకారం చూపించుకోవాలి. అది లోపల ఉంటే గుసుల్ చెల్లదంటారు. గుసుల్‌లో కడగవలసింది శరీరం వెలుపలి భాగాన్నీ, నోటినీ, ముక్కునూ గనుక ఆ సందేహం అక్కర్లేదు. అది పిండాన్ని చంపుతుందంటారు; అది ప్రధానంగా వీర్యం అండాన్ని కలవకుండా అడ్డుకుంటుంది. ఇవన్నీ ఒక వైద్యురాలూ ఒక ఆలిమూ పది నిమిషాల్లో తీర్చగల సందేహాలు. తీర్చేవారు లేక పదేళ్లు మనసులో నిలిచిపోతున్నాయి.

ఆచరణలో తెలియవలసిన సంగతులు

పాలిచ్చే తల్లికి గర్భం రాదన్న మాట మన ఇళ్లలో బలంగా ఉంది. అది మూడు షరతులతో మాత్రమే నిజం: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప మరేమీ పట్టకూడదు, తల్లికి ఇంకా నెలసరి మొదలు కాకూడదు. మూడూ ఉన్నంతకాలం నూటికి తొంభై ఎనిమిది వంతులు రక్షణ ఉంటుంది. ఒక్కటి తప్పినా నమ్మకం పెట్టుకోరాదు. 'పాలిస్తున్నాను కదా' అనుకుని ఏడాది బిడ్డ ఒళ్లో ఉండగానే మళ్లీ గర్భం దాల్చిన తల్లులు ఎందరో!

ప్రభుత్వ ఆసుపత్రుల్లో తాత్కాలిక పద్ధతులు ఉచితంగా లభిస్తాయి. 'ఛాయా' మాత్రలో హార్మోన్లు ఉండవు. పాలిచ్చే తల్లి కూడా వాడవచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపైన వారానికి ఒకటి వేసుకోవాలి. 'అంతరా' ఇంజెక్షన్ మూడు నెలలకొకసారి ఇస్తారు. పాలిచ్చే తల్లి కాన్పయిన ఆరు వారాల తర్వాత మొదలుపెట్టవచ్చు. అది మానేశాక గర్భం నిలవడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చని ముందే తెలుసుకోవాలి. కాపర్-టి రకాన్ని బట్టి ఐదు లేదా పదేళ్లు పని చేస్తుంది, కోరినప్పుడు తీయించుకోవచ్చు. రోజూ వేసుకునే 'మాలా-ఎన్' మాత్రలు ఆరు నెలలలోపు బిడ్డకు పాలిచ్చే తల్లికి తగవు. అధిక రక్తపోటు వంటి జబ్బులున్నవారు వైద్యురాలిని అడగకుండా ఏదీ మొదలుపెట్టరాదు. భర్తలు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: నిరోధ్ వాడటం అజ్ల్ వంటిదే, దానికంటే నమ్మకమైనది, స్త్రీ శరీరంపై ఏ భారమూ మోపనిది. భారమంతా ఎప్పుడూ భార్యదే ఎందుకు కావాలి?

ఇక వైద్యులు చెప్పనిదీ, ఆలిములే చెప్పవలసినదీ ఒకటుంది. ఇంజెక్షన్, కాపర్-టి వాడేవారిలో కొందరికి రక్తస్రావం వేళ తప్పుతుంది, రోజుల తరబడి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. అప్పుడు నమాజు చేయాలా వద్దా, రోజా ఉండాలా వద్దా తెలియక, సిగ్గుతో అడగలేక, ఎందరో ఆ పద్ధతినే మానేస్తారు. మరికొందరు నెలల తరబడి నమాజు వదిలేస్తారు. రెండూ నష్టమే.

హనఫీ ఫిఖహ్ ప్రకారం నెలసరి కనీసం మూడు రోజులు, గరిష్ఠంగా పది రోజులు. రెండు నెలసరుల మధ్య శుద్ధికాలం కనీసం పదిహేను రోజులు. రక్తస్రావం పది రోజులు దాటిపోతే, ఆమెకు మునుపు అలవాటుగా ఉన్న రోజులే నెలసరి. మిగిలినది 'ఇస్తిహాజా', అంటే వ్యాధి వంటి స్రావం. అందులో నమాజు మాఫీ కాదు, రోజా ఆగదు, దాంపత్యానికీ అభ్యంతరం లేదు. నెలసరి లెక్క ముగియగానే గుసుల్ చేసి, స్రావం ఆగకుండా ఉంటే ప్రతి నమాజు వేళకూ కొత్తగా వుజూ చేసుకుంటే చాలు. హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) ఇదే సమస్యతో స్వయంగా దైవప్రవక్త (సఅసం)ను అడిగి తెలుసుకున్నారు. ఆమె అడగబట్టే ఈ విధి మనకు అందింది. సోదరీమణులు ఒక చిన్న పని చేయాలి: స్రావం మొదలైన తేదీ, ఆగిన తేదీ క్యాలెండరుపై రాసిపెట్టుకోవాలి. తేదీలుంటే ఏ ముఫ్తీ అయినా స్పష్టంగా జవాబు చెప్పగలరు. తేదీలు లేకుంటే అంతా ఊహే.

ఎవరి బాధ్యత ఎంత?

నిందను స్త్రీల అజ్ఞానంపై మోపడం తేలిక. కానీ మొదటి తప్పు మాది. నూరుల్ ఈజాహ్, ఖుదూరీ, హిదాయాలలో నెలసరి అధ్యాయాన్ని మేము మద్రసాలో మగపిల్లలకు ఏటేటా బోధిస్తాము. ఆ విద్య ఎవరి నిత్యావసరమో వారి దాకా మాత్రం దానిని చేర్చము. అన్సారు స్త్రీలకు ధర్మం తెలుసుకునే విషయంలో సిగ్గు అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని మెచ్చుకున్నారు. అడగడానికి సిగ్గుపడనివారు ఉండాలంటే, విని విసుక్కోనివారు, నవ్వనివారు కూడా ఉండాలి. ప్రతి మొహల్లాలో నెలకొకసారైనా ఒక ముస్లిం వైద్యురాలో, నర్సో, ఒక ఆలిమాతో కలిసి స్త్రీల మధ్య కూర్చుంటే ఈ పని సగం పూర్తవుతుంది. నికాహ్‌కు ముందు వరుడికి మహర్ గురించి చెప్పినట్లే, భార్య శరీరం పట్ల అతని బాధ్యత గురించీ రెండు మాటలు చెప్పాలి.

అత్తగార్లకు ఒక విన్నపం. మీరు చెప్పే మాట కోడలికి ఫత్వా వంటిది. కాబట్టి తెలియని విషయంలో "తెలియదు, అడిగి చెబుతాను" అనండి. ఆ ఒక్క మాట మన చీటీ రాసిన సోదరిని పదకొండేళ్ల భయం నుంచి కాపాడి ఉండేది.

ఇటీవల ఆ సోదరి తన పెద్ద కూతురికి పెళ్లి నిశ్చయించింది. కూతురి కోసం మరో చీటీ పంపింది: "హజ్రత్, నాకు తెలియనివి అన్నీ దానికి తెలియాలి. ఏ పుస్తకం ఇవ్వమంటారు?" తెలుగులో చేతికి ఇవ్వదగిన పుస్తకం వెంటనే తోచక, నాకు తెలిసినంత రాసి పంపాను. మీరు ఇంతసేపు చదివినది చాలావరకు అదే. దీనిని చదివిన తల్లులు తమ కూతుళ్లకూ, భర్తలు తమ భార్యలకూ వినిపించి, కూర్చుని మాట్లాడుకుంటే నా శ్రమ ఫలించినట్లే.

అల్లాహ్ మన తల్లులకు ఆరోగ్యాన్నీ, మన సంతానానికి శుభాన్నీ, మనకు తెలిసినది దాచకుండా చెప్పే ధైర్యాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.